కల్వకుర్తి నుంచి కొరియా దాకా... వయా ఊరుకొండపేట!

శ్రీశైలం పోయేటప్పుడు రోడ్డు పక్కన బోర్డు మీద మా ఊరి పేరు మీరు చూసే ఉంటారు. మీ బస్సు అటు మళ్ళిపోతుంది, మా కల్వకుర్తి ఇటు ఉండిపోతుంది. కాస్త వయసున్న వాళ్ళకైతే 1989 ఎన్నికల్లో ఎన్.టి.రామారావు గారు నిలబడి ఓడిపోయిన ఊరుగా గుర్తుంటుంది. అంతకుమించి చెప్పమంటే మేమే తడుముకోవాలి. చూడ్డానికి వచ్చేంత కోటా లేదు, జలపాతమూ లేదు. మరి ఈమె ప్రయాణం గురించి ఏం రాస్తుందబ్బా అనుకుంటున్నారా?

2024 దసరా సెలవుల్లో, పది పన్నెండు రోజుల్లోనే నేను మూడు చోట్లకు వెళ్ళొచ్చాను. మొదటిది కొరియా దేశం. నవ్వకండేం! మా ఇంట్లో మంచం మీద కూర్చునే వెళ్ళాను. రెండోది ఊరుకొండపేట ఆంజనేయస్వామి గుడి. మూడోది నాగర్‌కర్నూల్ దవాఖాన. ఈ మూడింటికీ సంబంధం ఏమిటో చెప్పాలంటే ముందు నా మతిమరుపు సంగతి చెప్పాలి.

మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి రెండేళ్ళు మంచంలో ఉంది. ఆమెకు అన్నీ నేనే చేశాను. నిరుడు ఎండాకాలంలో పోయింది. అందరూ “కన్నకూతురి కంటే ఎక్కువ చేసినవు, పుణ్యాత్మురాలివి” అన్నారు. కర్మకాండ అయిపోయింది, ఆమె మంచం తీసి అటక మీద పెట్టాం. ఇక నాకు తీరికే కదా! కానీ ఆ తర్వాతే నాకు ఏదో అయింది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని. పాలు పొయ్యి మీద పెట్టి, పొంగి మాడి, వాసన వచ్చేదాకా పక్కనే నిలబడి ఉండేదాన్ని. అలమార తెరిచి ఎందుకు తెరిచానో తెలియక మళ్ళీ మూసేదాన్ని. రాత్రి మూడింటికి మెలకువ వస్తే తెల్లవారేదాకా కన్ను మూతపడదు. బతుకమ్మకు చీర కూడా తీయబుద్ధి కాలేదు.

ఒకనాడు మార్కెట్టుకు పోయి పుంటికూర కట్టలు కొన్నాను. సంచి పట్టుకుని చౌరస్తాకు వచ్చి నిలబడ్డాను. ఇంటికి ఎటు పోవాలో తెలియలేదు! ఇరవై రెండేళ్ళ కింద కాపురానికి వచ్చిన ఊరు. ఆటోవాళ్ళు అరుస్తున్నారు, బస్సులు పోతున్నాయి, నాకు మాత్రం అన్ని రోడ్లూ ఒకేలా ఉన్నాయి. ఎంతసేపో కాదు, రెండు నిమిషాలు ఉంటుందేమో. తర్వాత దారి గుర్తొచ్చింది గానీ కాళ్ళలో వణుకు ఇంటికొచ్చినా తగ్గలేదు. మా నాన్నమ్మ చివరి రోజుల్లో సొంత కొడుకునే ఎవరని అడిగేది. నాకూ అదే మొదలైందని భయపడ్డాను. మావారికి చెప్పలేదు. ఓ ప్రైవేటు దవాఖానకు పోతే సెలైన్ ఎక్కించి, బలానికి టానిక్ రాసిచ్చి పంపారు. నిద్ర పడుతోందా అని కూడా ఎవరూ అడగలేదు.

దసరాకు మా అమ్మాయి హైదరాబాదు హాస్టల్ నుంచి వచ్చింది. వాళ్ళకు ఈ కొరియా సీరియళ్ళ పిచ్చి. ఫోన్‌లోనే రాత్రంతా చూస్తుంది. “అమ్మా, దా, ఒక్కటి చూడు” అని పక్కన కూర్చోబెట్టుకుంది. కింద ఇంగ్లీషులో వచ్చే అక్షరాలు నాకు అందవు. కొంచెం అదే చదివి చెప్పింది, కొంచెం మొహాలు చూసి నేనే అర్థం చేసుకున్నాను. ఏడుపుకి భాష ఏముంది చెప్పండి!

ఆ సీరియల్ 2023 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మొత్తం పన్నెండు భాగాలు. ఇంగ్లీషులో దాని పేరు ‘డైలీ డోస్ ఆఫ్ సన్‌షైన్’. కొరియా భాషలో అసలు పేరుకి అర్థం వేరేనట, ‘మానసిక రోగుల వార్డులోకి కూడా ఉదయం వస్తుంది’ అని! నర్సుగా పనిచేసిన ఇ రాహా అనే ఆమె బొమ్మల కథగా గీస్తే, దాన్ని సీరియల్‌గా తీశారు. పాక్ బోయంగ్ అనే నటి అందులో దాయున్ అనే నర్సు. జ్వరాలూ అవీ చూసే వార్డు నుంచి ఆమెను మానసిక రోగుల వార్డుకి మారుస్తారు. మొదటి రోజే ఆమెకు చెబుతారు: ఈ వార్డులో కిటికీలకు తెరలు ఉండవు. రోగులు వాటితో తమకు తాము హాని చేసుకుంటారేమోనని పెట్టరు. అందుకే ఆసుపత్రి మొత్తంలో ముందుగా తెల్లవారేది ఇక్కడే అని!

ఆ మాట విని మా అమ్మాయి “ఎంత బాగుంది కదమ్మా” అంది. నేను “ఊఁ” అన్నాను. మూడింటికి లేచి తెల్లవారడం కోసం చూసే మనిషికి అది ఉత్త మాటగా వినపడదు కదా.

అందులో పిచ్చివాళ్ళంటే మన పాత సినిమాల్లోలా జుట్టు విరబోసుకుని నవ్వేవాళ్ళు కాదు. తల్లి చెప్పినట్టే బతికి బతికి తన ఇష్టం ఏమిటో మరిచిపోయిన ధనవంతుల బిడ్డ ఉంది. ఉద్యోగంలో నలిగిపోయి, ఊపిరాడక నీళ్ళలో మునిగినట్టు అయ్యే కుర్రవాడు ఉన్నాడు. వాడి చుట్టూ నిజంగానే నీళ్ళు నిండినట్టు చూపిస్తారు. నాకైతే నా గొంతుదాకా వచ్చినట్టే అనిపించింది. అన్నింటికంటే నన్ను కదిలించింది ఇల్లూ, ఉద్యోగం, బిడ్డా అన్నీ ఒక్కతే మోసే ఒక తల్లి కథ. ఆమెకు మతిమరుపు వస్తుంది. అందరూ ముసలితనంలో వచ్చే మతిమరుపు జబ్బే అనుకుంటారు. కాదు, అది మనసు కుంగిపోవడం వల్ల వచ్చింది, మందులతో తగ్గేదే అని డాక్టర్లు తేలుస్తారు.

మా అమ్మాయి ఫోన్ ఆపి నా వైపు చూసింది. నా కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. “ఏమైందమ్మా? నువ్వు కూడా గిట్లనే మరిచిపోతున్నవా?” అంది. ఆరు నెలల్లో నన్ను ఆ మాట అడిగింది అదొక్కతే. చౌరస్తా సంగతి దానికి చెప్పేశాను.

“డాక్టరు దగ్గరికి పోదాం” అంది పిల్ల. పొరుగూరిలోనే ఉండే మా ఆడబిడ్డకు చెబితే ఆమె మాట ఆమెది. “గాలి సోకింది పిల్లా, అమ్మ చావింట్ల తిరిగినవు గద. ముందుగాల్ల ఊరుకొండపేటల ఒక నిద్ర చేద్దాం, అన్ని అవే పోతయి” అంది. మావారు మధ్యలో నలిగిపోయారు. నన్ను ఒక్కదాన్నే వంటింట్లోకి పిలిచి, “మెంటల్ డాక్టరు అంటే నలుగురికి తెలుస్తది. రేపు పిల్ల పెళ్ళి సంబంధాలు చూడాలె” అన్నారు. కోపంతో అనలేదు, భయంతో అన్నారు. ఆ భయం నాకూ ఉంది. అందుకే ఆ శనివారం గుడికే బయలుదేరాం.

మా ఊరి నుంచి జడ్చర్ల రోడ్డు పట్టుకుని పోతే దారిలోనే ఊరుకొండ. అక్కణ్ణుంచి లోపలికి పోతే పేట. అక్టోబరు కాబట్టి రోడ్డుకి రెండు వైపులా చేలల్లో పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. కృష్ణ నీళ్ళను కొల్లాపూర్ వైపు ఎల్లూరు దగ్గర ఎత్తి, మెట్టు మెట్టుగా మూడు చోట్ల ఎత్తిపోసి మా వైపు తెస్తారు. ఆ కాలువ రాకముందు ఇవన్నీ వాన కోసం మొహం పైకెత్తుకునే చేలు. మగవాళ్ళు మట్టిపనికి దేశమంతా పోయేవాళ్ళు, ‘పాలమూరు కూలీ’ అంటే ఎక్కడైనా తెలుసు. ఇంటి దగ్గర ఆడవాళ్ళు ముసలివాళ్ళనూ పిల్లలనూ పట్టుకుని నెలల తరబడి ఎదురుచూసేవాళ్ళు. మా అత్తమ్మ కూడా అలా బతికిన మనిషే. ఆ తరం ఆడవాళ్ళ మనసుల్లో ఏముండేదో ఎవరు అడిగి ఉంటారు?

శనివారం కాబట్టి గుడి దగ్గర జనం బాగానే ఉన్నారు. దర్శనం చేసుకుని, కొబ్బరికాయ కొట్టి, తెచ్చుకున్న జొన్నరొట్టె, పచ్చడి తిని, మాలాగా నిద్ర చేయడానికి వచ్చినవాళ్ళ పక్కన చాప పరుచుకున్నాం. నా పక్క చాప మీద ఒక తల్లి, ఇరవై ఏళ్ళ కొడుకు. ఆ పిల్లవాడు తనలో తనే మాట్లాడుకుంటున్నాడు, ఉన్నట్టుండి చెవులు మూసుకుంటున్నాడు. ఆమె తన కొంగు చివర వాడి చేతికి ముడివేసుకుంది. “రాత్రి లేచి యాడికన్న పోతడక్కా, అందుకే” అంది. డిగ్రీ చదివేవాడట. ఏడాదిగా ఇలా ఉన్నాడట. తిరగని గుడి లేదు, దర్గా లేదు, కట్టించని తాయెత్తు లేదు. డాక్టరుకు చూపించారా అంటే, “పిచ్చి దవాఖానల ఏస్తే ఇగ పిచ్చోడనే పేరు పడతది గదక్కా” అంది. మావారన్న మాటే!

మీరు నమ్ముతారో లేదో, నాకు ఆ రాత్రి చాలా నెలల తర్వాత నాలుగు గంటలు నిద్ర పట్టింది. స్వామి దయ అని మా ఆడబిడ్డ అంది, కాదని నేను ఎందుకంటాను? కానీ నాకు ఇంకొకటి కూడా అనిపించింది. అక్కడ ఎవరూ ఎవరినీ వింతగా చూడలేదు. ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, తమలో తాము మాట్లాడుకునేవాళ్ళు మాట్లాడుకున్నారు. ‘నాకు బాగాలేదు’ అని చెప్పడానికి సిగ్గుపడక్కరలేని చోటు అది. ఇంట్లో అలాంటి చోటు మనకు ఎక్కడుంది? ఆరుబయట పడుకున్నాం కాబట్టి తూరుపు తెల్లబడగానే వెలుగు నేరుగా మా మొహాల మీద పడింది. కొరియా వార్డు గుర్తొచ్చింది. ఇక్కడా తెరలు లేవు మరి!

పక్క చాప మీద ఆ తల్లి మాత్రం రాత్రంతా కూర్చునే ఉంది. కొంగు ముడి అలాగే ఉంది. అప్పుడే నిశ్చయించుకున్నాను. నిద్ర పట్టించిన స్వామికి దండం. కానీ ఆ నిద్ర రోజూ పట్టాలంటే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే అని.

పండుగ వెళ్ళిన వారం మా అమ్మాయి, నేను నాగర్‌కర్నూల్ బస్సెక్కాం. తాడూరు మీదుగా పోతుంది. 2016లో అది మా జిల్లా కేంద్రం అయింది, 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. అందుకే ఒకప్పటిలా ప్రతిదానికీ హైదరాబాదుకు, ఎర్రగడ్డకు పరుగెత్తాల్సిన పని మాకు తగ్గింది. చీటీ రాయించుకుని వరుసలో కూర్చున్నాం. పక్కన ఎవరైనా తెలిసినవాళ్ళు కనబడతారేమోనని కొంగు నెత్తి మీదుగా లాక్కుని కూర్చున్నాను. మా పిల్ల చేయి పెట్టి ఆ కొంగు మెల్లగా కిందికి దించింది. ఏమీ అనలేదు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. నిద్ర ఎంత, ఆకలి ఎలా ఉంది, ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనులు ఇప్పుడు చేస్తున్నారా, బతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా అని ఒక్కొక్కటే అడిగింది. థైరాయిడ్‌కి, బి12 విటమిన్‌కి రక్తపరీక్షలు రాసింది. అవి తక్కువైనా ఇలాంటి మతిమరుపు, నీరసం వస్తాయట. ఆఖర్న “అత్తమ్మ గారు ఎలా పోయారు?” అంది.

ఇప్పుడు మీకు చెప్పబోయేది మావారికి కూడా అప్పటిదాకా తెలియదు. ఆ ఆఖరి రాత్రి అత్తమ్మ నన్ను నాలుగుసార్లు లేపింది. మంచినీళ్ళని ఒకసారి, పక్కకు తిప్పమని ఒకసారి. నాలుగోసారి నేను “ఎప్పుడు పోతవో ఏమో, నా ప్రాణం తీస్తున్నవు” అని అరిచాను. ఆమె ఏమీ అనలేదు. మొహం గోడ వైపు తిప్పుకుంది. పొద్దున్నే టీ తీసుకెళ్తే లేదు. రెండేళ్ళ సేవ అందరికీ కనబడింది, ఆ ఒక్కమాట నాకు మాత్రమే వినబడుతూ ఉంది. ‘పుణ్యాత్మురాలివి’ అని ఎవరన్నా అంటే ఒళ్ళు మండిపోయేది.

డాక్టరమ్మ “తప్పు చేశారు” అనలేదు, “ఏం కాదులే” అని కూడా అనలేదు. “రెండేళ్ళు రాత్రిళ్ళు నిద్రలేని మనిషి అన్న మాట అది” అంది. నేను చాలాసేపు ఏడ్చాను. ఆమె వరుసలో ఉన్నవాళ్ళను ఆగమంది.

నాది ముసలివాళ్ళకు వచ్చే మతిమరుపు కాదు, కుంగుబాటు అని చెప్పింది. మనసు బరువులో మునిగిపోయినప్పుడు విన్నదాన్ని పట్టుకునే శక్తి తగ్గుతుందట, అందుకే గుర్తుండదట. మాత్రలు రాసింది. వాటి గురించి చెప్పిన మాటలు మీకూ పనికొస్తాయి. వేసిన మర్నాడే గుణం కనబడదు, కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కాస్త వికారం లాంటివి ఉండొచ్చు. తగ్గింది కదా అని మనంతట మనం ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. నెల తిరిగేసరికి నాకు నిద్ర కుదురుకుంది. ఒక పొద్దున ముగ్గు వేస్తూ, చుక్కలు లెక్కపెట్టకుండానే సరిగ్గా వచ్చాయని గమనించాను. అంత సంతోషం ఎందుకైందో ఆ మాడిన పాలగిన్నెలు తోమినవాళ్ళకే తెలుస్తుంది!

మిగిలిన భాగాలు తర్వాత చూశాం. కథలో ఆ నర్సు దాయున్ దగ్గర బాగై ఇంటికి పోయిన ఒక రోగి ప్రాణం తీసుకుంటాడు. ఆ దిగులుతో ఆమే కుంగిపోయి, వేరే ఆసుపత్రిలో తనే రోగిగా చేరాల్సి వస్తుంది. నయమై పనికి తిరిగొస్తే, “పిచ్చి వచ్చిన నర్సు మా వాళ్ళకు వద్దు” అని రోగుల బంధువులే ఎదురు తిరుగుతారు. చూశారా, దేశం ఏదైనా ‘నలుగురు’ అక్కడా ఉన్నారు! కొరియా వాళ్ళకు ‘హ్వాప్యొంగ్’ అని ఒక జబ్బు పేరే ఉందని మా అమ్మాయి చెప్పింది. హ్వా అంటే అగ్గి, ప్యొంగ్ అంటే జబ్బు. ఏళ్ళ తరబడి కోపాన్ని, బాధను మింగుకున్న నడివయసు ఇల్లాళ్ళలో ఎక్కువట. గుండెల మీద బండ పెట్టినట్టు, లోపల మంట పైకి ఎగదన్నినట్టు ఉంటుందట. 1994లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో కూడా దాని పేరు ఎక్కింది. మనం ‘కడుపులో పెట్టుకున్నాను’ అంటాం, వాళ్ళు అది జబ్బు అన్నారు.

ఇదంతా మీకు ఎందుకు రాస్తున్నానంటే, ఊరుకొండపేటలో ఆ తల్లికి నేను ఒక నంబరు చెప్పలేకపోయాను. అప్పటికి నాకే తెలియదు. తర్వాత డాక్టరమ్మ చెప్పింది. 14416, దాన్ని టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయవచ్చు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడవచ్చు. చెవుల్లో ఎవరో మాట్లాడుతున్నారని బిడ్డ అంటే, బతకాలని లేదని ఇంట్లో ఎవరన్నా అంటే, గుడికి పోండి, దర్గాకు పోండి, నేను కాదనను. కానీ ఆ నంబరుకు కూడా చేయండి, డాక్టరుకు కూడా చూపించండి. అలాంటి మనిషిని కట్టేసి మాత్రం ఉంచకండి. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గర నడిపే ఒక ఆశ్రమంలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం గొలుసులతో కట్టేయడాన్ని పూర్తిగా నిషేధించింది.

అన్నట్టు, మావారి సంగతి చెప్పలేదు కదూ! అత్తమ్మను నేనన్న మాట ఆయనకు చెప్పిన రోజు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అమ్మ నన్నూ రాత్రిళ్ళు పిలిచేది. నేను నిద్రపోయినట్టు పడుకునేటోణ్ణి” అన్నారు. ఇద్దరం ఏడ్చాం. ఇప్పుడు పొద్దున టీ ఆయనే పెడతారు. పంచదార ఎక్కువ వేస్తారు, నేను ఏమీ అనను.

పిల్ల పెళ్ళి సంగతంటారా? ఇవన్నీ తెలిసినా వచ్చే సంబంధమే మంచి సంబంధమని అది అంటోంది. నాకు ఇంకా కాస్త భయంగానే ఉంది, అబద్ధం ఎందుకు! అయినా రాశాను. మీలో ఎవరైనా ఇప్పుడు మూడింటికి లేచి కూర్చుని ఉంటే, మీరొక్కరే లేరని తెలియాలి కదా.

ఈసారి శ్రీశైలం పోయేటప్పుడు మా వైపు కాస్త మళ్ళి రండి. చూడ్డానికి ఏమీ లేకపోయినా పుంటికూర పప్పు, జొన్నరొట్టె పెడతాను. ఉప్పు ఒక్కసారే వేస్తాలెండి!